పసుపు చీర ఎందుకు ఎర్రబడింది? ఇంట్లో చెట్టు రంగులు వేసుకొనే విధానము

మా ఇంట్లో జరిగిన ఒక సంగతితో ఈ వ్యాసము మొదలుపెడుతున్నాము.

పెండ్లి ముగిసిన మరునాడు కొత్త కోడలు తన పసుపు చీరను సబ్బుతో ఉతికింది. చీర ఇంకా బకెట్‌లో ఉండగానే పసుపు మాసి ఎర్రని మరకలు లేచాయి. కొన్ని చోట్ల ఎండిన నెత్తురు రంగు కనిపించింది. ఇంట్లోని పెద్దవాళ్ళు అదిరిపడ్డారు. "పెండ్లి చీర ఎర్రబడటమేమిటి, ఇది మంచికి కాదు" అన్నారు ఒకరు. "ఆ పిల్ల ఏమి తొక్కి వచ్చిందో" అన్నారు మరొకరు. ఆ పిల్ల స్నానాల గదిలో తలుపు వేసుకొని ఏడ్చింది. చదువుకున్నవాళ్ళము ఇంతమందిమి ఉండి కూడ ఒక్కరమూ ఆమెకు సమాధానము చెప్పలేకపోయాము.

సాయంకాలము మా అవ్వ వచ్చింది. చీరను చూసి నవ్వింది. "సబ్బు పెట్టినారా? పసుపుకు సబ్బు పడదు. ఒక నిమ్మకాయ తెండి" అన్నది. నీళ్ళలో నిమ్మరసము పిండి చీరను ముంచింది. అందరమూ చూస్తుండగానే ఎరుపు విరిగి పసుపుపచ్చ తిరిగి వచ్చింది. అవ్వ కోడలి తల నిమిరి, "నీ తప్పేమీ లేదమ్మా, ఈ ఇంట్లో ఎవరూ నీకు చెప్పలేదు, అంతే" అన్నది.

ఆ మాట మమ్మల్ని చాలాకాలము వెంటాడింది. అవ్వ ఇప్పుడు లేదు. ఆమెకు తెలిసినదానిలో కొంత ఆమె చెప్పగా విన్నాము, కొంత పుస్తకాలు చూసి, కొంత మా పెరట్లో బట్టలు పాడుచేసుకొని నేర్చుకున్నాము. పాఠకులకు ఉపయోగపడునని ఇక్కడ వ్రాస్తున్నాము.

పసుపు గుణము

పసుపుకొమ్ములో కర్కుమిన్ అనే రంగు పదార్థము ఉన్నది. పులుపు తగిలినప్పుడు అది పసుపుపచ్చగా ఉంటుంది. క్షారము తగిలితే ఎర్రబడుతుంది. సబ్బు, బట్టల సోడా, సున్నము, కట్టెల బూడిద ఇవన్నీ క్షారములే. నిమ్మరసము, చింతపండు పులుసు, వినెగారు పులుపు జాతికి చెందినవి. కనుక సబ్బుతో ఎర్రబడిన చీర నిమ్మరసముతో తిరిగి పచ్చబడటములో మాయ ఏమీ లేదు.

నిజానికి ఈ సంగతి మనకు కొత్తది కాదు. పళ్ళెములో పసుపు నీళ్ళు పోసి చిటికెడు సున్నము వేస్తే ఎర్రనీళ్ళు అవుతాయి. పెండ్లికూతురికీ, పెండ్లికొడుకుకూ, బిడ్డను ఎత్తుకొని ఇంటికి వచ్చే తల్లికీ మనము దిష్టి తీసేది ఆ నీళ్ళతోనే. పాత పద్ధతిలో కుంకుమను కూడ పసుపుకు వెలిగారము వంటి క్షారము చేర్చి తయారు చేసేవారు. అదే మార్పు పళ్ళెములో జరిగితే శుభమన్నాము, బకెట్‌లో జరిగితే అపశకునమన్నాము. ఆచారము మిగిలి, దాని వెనుక ఉన్న తెలివి పోతే జరిగేది ఇదే. ఆ లోపానికి శిక్ష ఒక కొత్త కోడలి మీద పడింది.

పసుపుకు మరొక లోపము ఉన్నది. అది ఎండకు నిలవదు. డర్బన్ ఎండలో తీగ మీద ఆరవేస్తే కొద్ది రోజులలోనే వెలిసిపోతుంది. పటిక వేసినా, ఉప్పు వేసినా ఎండ విషయములో పెద్ద ప్రయోజనము ఉండదు. ఉప్పు వేస్తే పసుపు గట్టిపడుతుందని చాలామంది చెబుతారు. మేము వేసి చూశాము, ఏమీ తేడా కనబడలేదు.

మరి అన్ని చెట్టు రంగులూ ఇంతేనా? కాదు. నిలిచే రంగులు ఉన్నాయి. వాటిని నిలబెట్టే ఉపాయము మన పూర్వుల తీరములో వందల ఏండ్లుగా తెలిసినదే.

మన తీరములోని అద్దకము

1860 నవంబరు 16న మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ డర్బన్ రేవుకు చేరింది. 1911లో ఈ వలస ఆగేలోగా లక్షా యాభై రెండు వేలమందికి పైగా కూలి ఒప్పందము మీద నాటాలుకు వచ్చారు. వారిలో తెలుగువారు విశాఖపట్టణము, గంజాము, గోదావరి, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల నుండి వచ్చినవారు. ఆ కోస్తాకు అద్దకములో చాలా పేరు ఉండేది. మచిలీపట్నము అద్దకపు బట్టలు ఓడలెక్కి పర్షియాకూ, యూరపుకూ, తూర్పు ద్వీపాలకూ పోయేవి. అచ్చులతో వేసే మచిలీపట్నము కలంకారీ, కలముతో గీసే శ్రీకాళహస్తి కలంకారీ ఈనాటికీ నడుస్తున్నాయి.

ఆ పనివారు ఎర్ర రంగు తీసినది చిరువేరు నుండి. ఇసుక నేలలలో పెరిగే చిన్న మొక్క వేరు అది. అయితే ఉత్త నూలుబట్టను చిరువేరు నీళ్ళలో ఉడికిస్తే మంచి ఎరుపు రాదు. ముందు బట్టను కరక్కాయ కషాయములోను పాలలోను నానవేసి ఆరబెట్టేవారు. తరువాత ఎరుపు కావలసిన చోట పటిక నీటితో పువ్వులు, లతలు వేసేవారు. అప్పుడు చిరువేరుతో ఉడికిస్తే పటిక పడిన చోట మాత్రమే ఎరుపు గట్టిగా పట్టేది. పటిక లేని చోట అంటిన పలుచని రంగు ఉతికి ఎండవేస్తే పోయేది. నలుపు కావలసిన చోట తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి తీసిన ద్రవముతో గీసేవారు.

ఈ పనిలో రహస్యమంతా మూడు అడుగులలో ఉన్నది. మొదటిది వగరు, రెండవది పటిక, మూడవది రంగు. కరక్కాయ, దానిమ్మ తొక్క, తేయాకు, తుమ్మ చెక్క నోట్లో పెట్టుకుంటే నాలుక పట్టేసినట్లు ఉంటుంది. ఆ వగరు గుణమే నూలుదారానికి అంటుకొంటుంది. పటిక నూలుకు నేరుగా బాగా అంటదు, వగరుకు మాత్రము గట్టిగా అంటుతుంది. రంగు వచ్చి ఆ పటికను పట్టుకొంటుంది. పట్టుబట్ట, ఉన్నిబట్ట వగరు లేకుండానే పటికను తీసుకొంటాయి. నూలుకు మాత్రము ముందు వగరు ఉండవలెను.

మన పూర్వులందరూ అద్దకపు పనివారని మేము అనడము లేదు. తోటల యజమానులు కోరినది చెరకు నరికే చేతులను. ఒకవేళ ఆ విద్య తెలిసినవారు వచ్చినా, ఇక్కడ వారికి చిరువేరు లేదు, కరక్కాయ చెట్టు లేదు, రోజుల తరబడి బట్టను ఉతికి ఎండవేసే తీరిక లేదు. అదే కాలములో మందు రంగులు కూడ పుట్టాయి. ఇంగ్లండులో పెర్కిన్ 1856లో మొదటి కృత్రిమ ఊదా రంగును కనిపెట్టాడు. చిరువేరు జాతి వేళ్ళలో ఉండే ఎర్ర పదార్థాన్ని 1868లో జర్మనీ రసాయనికులు తయారు చేశారు. 1897 నుండి కృత్రిమ నీలిమందు అంగడికి వచ్చింది. ఈ విధముగా అక్కడా ఇక్కడా చెట్టు రంగులు వెనుకబడ్డాయి. నాటాలులో మన ఇండ్లలో పసుపు ఒక్కటే మిగిలింది. అది వంటింట్లో ఉన్నది, వగరూ పటికా లేకుండా తనంతట తానే నూలుకు అంటుకొంటుంది. అందుకే మిగిలింది. ఇక్కడి దుకాణాలలో దానిని 'బోరీ' అంటారు, మన ఇండ్లలో పసుపు పసుపే.

నాటాలులో దొరికే వగరు

కరక్కాయ పొడి డర్బన్‌లోని మన మూలికల దుకాణాలలో దొరికితే మంచిదే. దొరకకపోయినా చింత లేదు. నాటాలు కొండల మీద వాటిల్ తోటలు ఎవరు చూడలేదు? ఆ చెట్టు 19వ శతాబ్దములో ఆస్ట్రేలియా నుండి ఇక్కడికి వచ్చింది. తోళ్ళు పదును చేయడానికి దాని బెరడును ఓడలకెత్తి విదేశాలకు పంపేవారు. వాటిల్ మన తుమ్మకు దాయాది. అక్కడ మన పూర్వులు తుమ్మ చెక్కతో తోళ్ళు పదును చేసేవారు, ఇక్కడ అదే పనికి వాటిల్ వచ్చింది. ఒప్పంద కూలీలలో కొందరు వాటిల్ తోటలలో కూడ పని చేశారు. తాము మోసిన బెరడులోనే కరక్కాయ గుణము ఉన్నదని వారిలో ఎందరికి తోచిందో.

నరికిన చెట్టు బెరడు మాత్రమే తీసుకోండి. నిలిచి ఉన్న చెట్టు బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది, పరుల తోట అయితే తగాదా వస్తుంది. వాటిల్ బెరడు బట్టకు లేత గోధుమ ఛాయ ఇస్తుంది. కనుక ముదురు బంగారు, గోధుమ రంగులకు అది సరిపోతుంది. తేట పసుపు కావాలంటే కరక్కాయ గాని దానిమ్మ తొక్క గాని వాడండి.

చేసే విధానము

అర కిలో బరువుగల నూలుబట్టకు, అనగా సుమారు ఒక నూలుచీరకు, ఈ లెక్కలు వ్రాస్తున్నాము. బట్టను పొడిగా ఉన్నప్పుడే తూచండి.

ముందుగా బట్ట నూలుదేనా అని చూసుకోండి. అంచు నుండి ఒక దారము లాగి నిప్పు పెట్టండి. నూలు కాగితములా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి ముత్యమవుతుంది. పాలిస్టరుకు ఈ రంగులు పట్టవు.

మొదటి రోజు ఉడకబెట్టి ఉతకాలి. కొత్త బట్టలో గంజి, మైనము ఉంటాయి. పది పన్నెండు లీటర్ల నీళ్ళలో రెండు పెద్ద చెంచాల బట్టల సోడా వేసి గంటసేపు ఉడికించి, నీళ్ళు తేటపడేవరకు జాడించండి. తెల్లని బట్ట నుండి కూడ టీ రంగు నీళ్ళు దిగుతాయి. ఈ పని బాగా చేయకపోతే తరువాత ఎంత చేసినా మచ్చలు తప్పవు.

రెండవ రోజు వగరు పట్టించాలి. 150 గ్రాముల ఎండిన వాటిల్ బెరడు ముక్కలు గాని, 100 గ్రాముల కరక్కాయ పొడి గాని, 200 గ్రాముల ఎండిన దానిమ్మ తొక్కలు గాని నీళ్ళలో గంటసేపు కాచి వడకట్టండి. బట్ట మునిగేటంత నీరు చేర్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు బట్టను వేసి రాత్రంతా ఉంచండి. అప్పుడప్పుడు తిప్పండి. ఉదయము పిండి ఆరవేయండి, జాడించవద్దు.

మూడవ రోజు పటిక పట్టించాలి. పటిక 75 గ్రాములు వేడినీటిలో కరిగించి, బట్ట మునిగేటన్ని నీళ్ళలో కలపండి. బట్టను వేసి సన్నని సెగ మీద గంటసేపు ఉంచి, దించి అందులోనే చల్లారనివ్వండి. తరువాత ఒక్కసారి మాత్రము నీళ్ళలో జాడించండి.

నాలుగవ రోజు రంగు వేయాలి. రంగు పదార్థమును గంటసేపు కాచి వడకట్టండి. తడి బట్టను విప్పి, ముడతలు లేకుండా రంగు నీటిలో దించండి. కుతకుత ఉడకనివ్వకుండా సన్నని సెగ మీద గంటసేపు ఉంచి, కర్రతో తిప్పుతూ ఉండండి. రాత్రంతా అందులోనే చల్లారనిచ్చి, మరునాడు జాడించి నీడలో ఆరవేయండి.

గిన్నె స్టెయిన్‌లెస్ స్టీలుది గాని, పెచ్చు ఊడని ఎనామిలుది గాని కావలెను. ఇనుప గిన్నె రంగును నలుపు చేస్తుంది. ఈ పనికి వాడిన గిన్నెలో మళ్ళీ వంట చేయకూడదు, గరిటె కూడ వేరే ఉండాలి. కిటికీ తెరిచి పెట్టండి. పటిక నీళ్ళ దగ్గరకు పిల్లలను రానీయకండి. కొన్ని పుస్తకాలు మైలుతుత్తము, క్రోము లవణములు చెబుతాయి. అవి విషములు, ఇంట్లో వాడవద్దు.

ఏ పదార్థానికి ఏ రంగు

ఉల్లిపొట్టు: 300 గ్రాముల ఎండుపొట్టు పటిక పట్టించిన బట్టకు బంగారు రంగు, కొన్నిసార్లు నారింజ ఛాయ ఇస్తుంది. ఒక ఇంట్లో అంత పొట్టు చేరడానికి నెలలు పడుతుంది. పెండ్లి వంటలు జరిగే హాలులో ఒక్క పూటలో సంచెడు దొరుకుతుంది, అడిగితే ఎవరూ కాదనరు.

దానిమ్మ తొక్క: మట్టిపసుపు రంగు. వగరూ రంగూ రెండూ దానిలోనే ఉన్నాయి. పసుపుకొమ్ము కంటె ఎండకు చాలా మేలుగా నిలుస్తుంది.

బంతిపూలు: తేట పసుపు. గుడిలోను, పెండ్లి పందిట్లోను వాడిన దండలు మరునాడు చెత్తలో పడుతున్నాయి. రేకులు దూసి నీడలో ఎండబెట్టుకుంటే ఏడాది పొడుగునా పనికి వస్తాయి. బట్ట బరువుకు సమానముగా ఎండు రేకులు వేయండి.

అవొకాడో గింజలు: నాటాలు పెరళ్ళలో ఈ చెట్టుకు కొదువ లేదు. గింజలను కడిగి, ముక్కలు చేసి, సన్నని సెగ మీద కాచితే నీళ్ళు ఎర్రబడుతాయి. బట్టకు లేత గులాబి, గోధుమ గులాబి రంగులు వస్తాయి. గుజ్జు మిగిలితే రంగు మసకబారుతుంది.

తుప్పునీరు: నాలుగు తుప్పు మేకులు, ఒక గ్లాసు వినెగారు, రెండు గ్లాసుల నీళ్ళు సీసాలో పోసి రెండు వారాలు ఉంచండి. మూత బిగించవద్దు. రంగు వేసిన బట్టను, కొన్ని చెంచాల ఈ నీరు కలిపిన బకెట్‌లో అయిదు నిమిషాలు ముంచితే దానిమ్మ పసుపు ఆకుపచ్చ బూడిదగా మారుతుంది, ఉల్లి బంగారు ముదురు గోధుమ అవుతుంది. ఎక్కువైతే దారము పెళుసుబారుతుంది. చిన్న గుడ్డతో పరీక్షించిన తరువాతే చీర ముంచండి.

మా తప్పులు కూడ చెప్పవలసి ఉన్నది. మొదటిసారి బట్టను ఉడకబెట్టి ఉతకకుండా రంగు వేశాము, అది చిరుతపులి చర్మములాగ వచ్చింది. రెండవసారి చిన్న గిన్నెలో పెద్ద దుప్పటి కుక్కాము, మడతలన్నీ గీతలుగా మిగిలాయి. మూడవసారి నలుగురము నాలుగు గిన్నెలలో ఒకే ఉల్లిపొట్టుతో వేస్తే నాలుగు ఛాయలు వచ్చాయి. ఒక్కొక్క ఇంటి నీళ్ళు ఒక్కొక్క తీరు. బట్ట బరువు, పదార్థము బరువు, ఎంతసేపు ఉంచినది ఒక నోటుపుస్తకములో వ్రాసుకొని, పక్కన ఒక గుడ్డముక్క కుట్టి పెట్టుకొంటే మరుసటిసారి చేయి తిరుగుతుంది.

పెండ్లికీ మొక్కుకూ పసుపే

ఇంత చెప్పిన తరువాత, పసుపు నిలవదు గనుక పెండ్లిలో కూడ మానివేద్దామా అని కొందరు అడిగారు. మా అభిప్రాయము వేరు. పెండ్లిబట్టకూ, మారియమ్మ మొక్కు బట్టకూ, కొత్త బట్ట మూలకు పెట్టే బొట్టుకూ పసుపే ఉండాలి. ఆ బట్ట ఏండ్ల తరబడి కట్టుకొనేది కాదు. ఈనాడు చాలా పెండ్లిండ్లలో దుకాణము నుండి పాలిస్టరు పసుపు చీర తెచ్చి కట్టిస్తున్నారు. అది వెలవదు, ఎర్రబడదు. అయితే ఇంటివాళ్ళు నలుగురు కూర్చొని బట్టను పసుపులో ముంచే ఆ పూట మాత్రము ఆ ఇంట్లో ఇక ఉండదు. మా అవ్వ తనకు తెలిసినది నేర్చుకొన్నది అలాంటి పూటలలోనే.

పసుపు వేయడము తేలిక. ఉడికించి ఉతికిన అర కిలో బట్టకు 150 గ్రాముల మంచి పసుపు పొడి చాలు. పొడిని పలుచని గుడ్డలో మూటగట్టి నీళ్ళలో అరగంట కాచండి. మూట తీసివేసి, తడి బట్టను సన్నని సెగ మీద అరగంట ఉంచండి. నీళ్ళు తేటపడేవరకు జాడించి నీడలో ఆరవేయండి. ముఖ్యముగా చివరి జాడింపు నీటిలో ఒక నిమ్మకాయ పిండండి. మొదటిసారి కట్టుకొన్నప్పుడు చెమటకు కొంత దిగుతుంది, పక్కవారి తెల్లబట్టకు అంటుతుంది. ఈ సంగతి పెండ్లికొడుకు తరఫు వారికి ముందే చెప్పండి.

తరువాత ఉతికేటప్పుడు సబ్బు వద్దు, చల్లని నీళ్ళు చాలు. మరచి సబ్బు పెట్టి ఎర్రబడితే కంగారు పడకండి. బకెట్ నీళ్ళలో రెండు నిమ్మకాయలు గాని అర కప్పు వినెగారు గాని కలిపి ముంచండి.

మీ ఇంట్లో అవ్వలు, పెద్దమ్మలు ఉంటే, ఏ ఆకుతో ఏ బట్ట ముంచేవారో ఈ వారమే అడగండి. వారు చెప్పినది తెలుగులో గాని ఇంగ్లీషులో గాని వ్రాసి పత్రికకు పంపండి, అచ్చు వేస్తాము. ఆనాడు ఏడ్చిన కోడలికి ఇప్పుడు కూతురు పెండ్లి దగ్గరపడింది. పసుపు చీర దుకాణములో కొనవద్దని ఆమే చెప్పింది. నిమ్మకాయలు కూడ ఆమే తెస్తానన్నది.